నెలకో బస్తా బూడిద

మీ ఇంటి కరెంటు బిల్లు ఒకసారి తీసి చూడండర్రా. నెలకు రెండు వందల యూనిట్లు అనుకుందాం. ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టీవీ, నీళ్ల మోటారు ఉన్న ఇంటికి ఆ మాత్రం అవుతుంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తియ్యాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాల్చాలి. అంటే మీ ఒక్క ఇంటికి నెలకు 140 కిలోలు. ఆ బొగ్గులో మూడో వంతుకు పైనే, ఒక్కోసారి 40 శాతం దాకా, మండకుండా బూడిదై మిగులుతుంది. లెక్క కట్టండి. యాభై కిలోలు! మీకొచ్చేదంతా బొగ్గు కరెంటే అనుకుంటే, నెలకో సిమెంటు బస్తా బరువు బూడిద మీ పేరు మీద ఎక్కడో పోగవుతోందన్నమాట. బిల్లులో దాని ఊసే ఉండదు.

మా మనవరాలికి ఈ లెక్క చెప్పగానే, "అంత బూడిద ఎక్కడ పెడుతున్నారు తాతా?" అంది. పిల్ల చిన్నదే గానీ ప్రశ్న చిన్నది కాదు. థర్మల్ కేంద్రాల్లో ఇంజనీర్లు తల పట్టుకునేది సరిగ్గా ఇక్కడే. బొగ్గు ఎక్కణ్ణుంచి వస్తుంది, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, తీగలు ఎటు లాగాలి అన్నవన్నీ ఒకసారి తేలిస్తే చాలావరకు తేలిపోతాయి. బూడిద అలా కాదు. ఇవాళ్టిది ఇవాళ వస్తుంది, రేపటిది రేపు వస్తుంది, ప్లాంటు మూసేదాకా వస్తూనే ఉంటుంది.

మా చిన్నతనంలో బూడిదకు చోటు వెతకడమన్న మాటే లేదు. అసలు చాలేదే కాదు! పొద్దున్నే మా అమ్మ పొయ్యిలోంచి చల్లారిన బూడిద తీసి, పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పితో కలిపి, కొబ్బరి పీచుతో ఇత్తడి బిందెను తోమితే అందులో మా మొహాలు కనిపించేవి. మిగిలిన బూడిద చిక్కుడు పాదుకి. పేనుబంక పట్టిందంటే ఆకుల మీద చల్లేది. ఇంకా మిగిలితే విత్తనం పెసలకు పట్టించి కుండలో పోసి మూతి కట్టేది. కట్టెల బూడిద తక్కువగా రావడానికి కారణం ఉంది. చెట్టు నేలలోంచి మట్టిని తాగదు, నీళ్లలో కరిగిన లవణాలను మాత్రమే తాగుతుంది. అందుకే కట్టె కాలితే నూటికి ఒకటో రెండో పాళ్లు బూడిద మిగులుతుంది, అదీ సున్నం, పొటాషు లాంటి పనికొచ్చే సరుకే.

మరి బొగ్గు కూడా ఒకప్పటి చెట్టే కదా, దాంట్లో అంత బూడిద ఎక్కడిది? మన బొగ్గు పుట్టి పాతిక ముప్పై కోట్ల ఏళ్లయింది. గోదావరి లోయలో అప్పట్లో చిత్తడి అడవులుండేవి. చెట్లు విరిగి పడుతుంటే, వాగులు పొంగి వాటి మీద ఒండ్రు పోసేవి. ఆకు, కొమ్మ, ఒండ్రు, మళ్లీ ఆకు, మళ్లీ ఒండ్రు. అవన్నీ కలిసి నలిగి, అణిగి బొగ్గయ్యాయి. మట్టి బొగ్గు పైపైన అంటుకుని ఉంటే కడిగేద్దుము. అది లోలోపలికి కలిసిపోయింది, కడిగితే పోయేది కొంతే. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే బొగ్గులో చాలా రకాలకు బూడిద ఇందులో సగం కూడా ఉండదు.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఒక కథ చెప్పి ముందుకు పోతాను. భద్రాచలం రాముడి దర్శనానికి నడిచిపోతున్న యాత్రికులు దారిలో వంట కోసం మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే, కట్టెలతో పాటు పొయ్యిరాళ్లే అంటుకున్నాయట. దాంతో అక్కడ ఏదో ఉందని తెలిసిందని సింగరేణి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాగితం మీదున్న చరిత్రలో మాత్రం భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు చూశాడని ఉంటుంది. అక్కడి ఒక బొగ్గు పొరకు ఆయన పేరు మీదే కింగ్ సీమ్ అంటారు. నాకైతే పొయ్యిరాళ్ల కథే ఇష్టం.

సరే, బాయిలరు దగ్గరికి పోదాం. అక్కడ బొగ్గును గడ్డలుగా వెయ్యరు. పెద్ద మిల్లుల్లో మెత్తటి పొడి చేసి, వేడిగాలితో మంటలోకి ఊదుతారు. లోపల వేడి 1400 డిగ్రీల పైమాటే. బొగ్గు కణం క్షణాల్లో కాలిపోతుంది. దాంట్లోని మట్టి ఆ వేడికి కరిగి, గాల్లో ఎగురుతూనే చిన్న బొట్టయి, పొగతో పాటు పైకి పోతూ చల్లారి గట్టిపడుతుంది. బొట్టు కాబట్టి గుండ్రంగానే గట్టిపడుతుంది. అందుకే పొగతో ఎగిరే ఈ బూడిదను, అంటే ఫ్లై యాష్‌ను సూక్ష్మదర్శిని కింద పెడితే ఎవరో సంచెడు గాజు గోళీలు ఒలకబోసినట్టుంటుంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దితే గరుకే తగలదు, మొహానికి రాసుకునే పౌడరులా జారిపోతుంది. గ్లాసు నీళ్లలో వేస్తే చాలామటుకు మునుగుతుంది గానీ, కొన్ని కణాలు పైనే తేలతాయి. అవి లోపల బోలుగా ఉన్న గోళీలు, గాలి చిక్కుకుని గట్టిపడ్డవి. రంగుల్లో, తేలిక సామాన్ల తయారీలో కలపడానికి వాటిని ఏరి అమ్ముకుంటారు కూడా.

మొత్తం బూడిదలో ఇంచుమించు ఐదో వంతు బరువై బాయిలరు అడుగున పడుతుంది, దాన్ని బాటమ్ యాష్ అంటారు. మిగిలిన నాలుగు వంతులూ పొగతో పోతాయి. వాటిని పట్టుకోవడం ఓ తమాషా. ప్లాస్టిక్ దువ్వెనతో పొడి జుట్టు దువ్వి, చిన్న కాగితపు ముక్కల దగ్గర పెట్టండి. ఎగిరొచ్చి అంటుకుంటాయి. పొగ దారిలో చేసేదీ అదే. పెద్ద పెద్ద ఇనుప రేకులు వరసగా వేలాడదీసి, వాటి మధ్య తీగలకు పదుల వేల వోల్టుల కరెంటు ఇస్తారు. బూడిద కణాలకు విద్యుదావేశం అంటి, పోయి రేకులకు కరుచుకుంటాయి. సుత్తులు ఉండుండి రేకుల్ని తడుతుంటాయి, బూడిద కింది తొట్లలోకి రాలుతుంది. ఈ.ఎస్.పి. అంటారు దీన్ని. అమెరికాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త 1907 ప్రాంతంలో దీన్ని పనికొచ్చేలా చేశాడు. చేసి, పేటెంట్లతో కోట్లు గడించకుండా, శాస్త్ర పరిశోధనలకు డబ్బిచ్చే సంస్థ ఒకటి 1912లో పెట్టించి హక్కులు దానికి ధారపోశాడు. అలాంటి మనుషుల పేర్లు గుర్తు పెట్టుకోండి. క్రికెటర్ల పేర్లు ఎలాగూ గుర్తుంటాయి.

పొగగొట్టం శుభ్రంగా కనిపించిందంటే బూడిద మాయమైనట్టు కాదు సుమా. ఆకాశంలోకి పోవాల్సింది మన చేతికొచ్చింది, అంతే. ఇక దానికి చోటు కావాలి.

ఎంత చోటు? వెయ్యి మెగావాట్ల ప్లాంటు తీసుకోండి. ఏడాదిలో ముప్పాతిక భాగం పూర్తి బలంతో నడిచిందనుకుంటే సుమారు 650 కోట్ల యూనిట్లు. దానికి 45 లక్షల టన్నుల బొగ్గు, దాంట్లోంచి 17 లక్షల టన్నుల బూడిద. బూడిద టన్ను అంటే దగ్గర దగ్గర ఒక ఘనమీటరు చోటు. పది మీటర్ల ఎత్తున, అంటే మూడంతస్తుల మేడంత ఎత్తున పోస్తూ పోతే ఏటా 42 ఎకరాలు కావాలి. పాతికేళ్లకు వెయ్యెకరాల పైనే! మన రామగుండంలో 1983లో మొదలైన ఎన్టీపీసీ కేంద్రం ఒక్కటే 2600 మెగావాట్లు. మీరే గుణించుకోండి.

వాడుకోగా మిగిలిన బూడిదను చాలాచోట్ల నీళ్లలో కలిపి గొట్టాల్లో తోసి, కట్ట కట్టిన మడుగులో పోస్తారు. దాన్నే యాష్ పాండ్ అంటారు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బూడిద చెరువు అంటారు. పాత పద్ధతిలో ఒక టన్ను బూడిదను తోయడానికి ఐదు నుంచి పది టన్నుల నీళ్లు పోసేవాళ్లు. బూడిదలో పోసిన పన్నీరని సామెత చెబుతాం, ఇక్కడ పోసేది గోదావరి నీళ్లు. అందుకే ఇప్పుడు తేరుకున్న నీటిని మళ్లీ ప్లాంటుకు తోడుకోవడం, బూడిదను చిక్కటి ముద్దలా తక్కువ నీళ్లతో పంపడం అలవాటు చేసుకుంటున్నారు.

చెరువు అన్నాం కాబట్టి చెరువుతోనే చూద్దాం. మన పెద్దలు చెరువుకు చోటు ఎలా చూసేవాళ్లు? నలువైపుల నుంచీ వాననీళ్లు వచ్చి చేరే పల్లం కావాలి. కట్ట కింద ఆయకట్టు ఉండాలి, దాన్ని ఆనుకుని ఊరుండాలి. చెరువు నీళ్లు ఇంకితే చుట్టుపక్కల బావులు ఊరతాయని సంతోషపడేవాళ్లు. బూడిద చెరువుకు చోటు చూసే ఇంజనీరు ఇవే అన్నీ తిరగేసి చూడాలి. పైనుంచి వాననీళ్లు వచ్చి పడకూడదు. గుట్టల మధ్య పల్లం దొరికితే కట్ట ఖర్చు కలిసొస్తుంది గానీ, గుట్టల మీద కురిసిన వాన లోపలికి రాకుండా చుట్టూ మళ్లింపు కాలువ తవ్వాలి. కట్ట కింద ఊరుండకూడదు, బడి అసలే ఉండకూడదు. నీళ్లు ఇంకకూడదు, కాబట్టి అడుగున బంకమట్టి ఉంటే మేలు, ఇసుక నేల పనికిరాదు. నది వరద అందే చోటు కాకూడదు. ఎండాకాలం గాలి ఎటు వీస్తుందో చూడాలి, ఆ వైపు ఇళ్లుంటే అన్నంలో బూడిదే. ప్లాంటుకు మరీ దూరమైతే పంపుల ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇన్నీ కుదిరాక ఆ భూమి ఎవరో రైతుదై ఉంటుంది! నన్నడిగితే అసలు లెక్క అక్కణ్ణుంచే మొదలు కావాలి. పంట పండే పొలాన్ని బూడిద కింద పెడితే దాని ఖరీదు పరిహారం చెక్కుతో తీరేది కాదు.

ఇంకో తేడా ఉంది. చెరువు ఎండాకాలానికి అడుగంటుతుంది, పూడిక తీసుకోవచ్చు. బూడిద చెరువు ఏటికేడు నిండడమే. అందుకని ముందే రెండు మూడు అరలుగా కడతారు. ఒకదాంట్లో బూడిద పోస్తుంటే, ఇంకోదాన్ని ఆరనిచ్చి కట్ట ఎత్తు పెంచుతుంటారు. మొదట మట్టితో గట్టి కట్ట వేస్తారు. అది నిండాక మూడేసి మీటర్ల లెక్కన పెంచుకుంటూ పోతారు. బయటి వైపు పెంచాలంటే భూమి కావాలి, మట్టి కావాలి. లోపలి వైపు జరిగి ఆరిన బూడిద మీదే కొత్త కట్ట వేస్తే రెండూ మిగులుతాయి. డబ్బు ఆదా అవుతుంది కాబట్టి ఎక్కువమంది చేసేది ఇదే. అయితే ఆ కట్ట కాళ్లు బూడిదలో ఉన్నాయని మర్చిపోకూడదు. తెలిసిన ఇంజనీర్లు బూడిద కలిపిన నీళ్లను కట్ట వెంబడే వదులుతారు. ముతక బూడిద బరువు కాబట్టి కట్ట దగ్గరే కూర్చుంటుంది, మెత్తటిది నీళ్లతో కొట్టుకుపోయి అవతలి కొసన తేరుతుంది. రేపు కట్ట పెంచేటప్పుడు పాదం కింద ముతకది ఉండాలన్నమాట. కట్టలో ఇసుక పొర, అడుగున రాళ్ల వడపోత పెట్టి, ఊరిన నీళ్లు బయటికి పోయే దారీ ఉంచుతారు. నీళ్లు లోపలే ఉండిపోతే బూడిద పట్టు వదిలి జారుతుంది.

అలా జారిన కథ అమెరికాలో జరిగింది. టెన్నెసీ రాష్ట్రంలో కింగ్‌స్టన్ ప్లాంటు. 2008 డిసెంబరు 22, అర్ధరాత్రి దాటాక, 18 మీటర్ల ఎత్తున పేరుకున్న తడి బూడిద గుట్ట ఒక్కసారిగా విచ్చిపోయింది. సుమారు 40 లక్షల ఘనమీటర్ల బూడిద మూడు వందల ఎకరాల మీద పరుచుకుని, ఎమరీ నదిలోకి దిగింది. ఇళ్లు పునాదుల నుంచి కదిలాయి. ఆ రాత్రి ఎవరూ చనిపోకపోవడం అదృష్టం. శుభ్రం చెయ్యడానికి ఏళ్లు పట్టింది, వంద కోట్ల డాలర్ల పైన ఖర్చయింది. ఆ పనిచేసిన కూలీలు తర్వాత జబ్బుపడి కోర్టుకెక్కారు. నిపుణులు తవ్వి చూస్తే, ఏనాడో అడుగున పడ్డ మెత్తటి బురద బూడిద పొర ఒకటి పలచగా దొరికింది. పైన అంత ఎత్తు పెంచారు, కింద ఆ పొర జారింది. మన దేశంలోనూ మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి వైపు 2019, 2020లలో కట్టలు వరసగా తెగాయి. 2020 ఏప్రిల్లో తెగినప్పుడు మనుషులే కొట్టుకుపోయారు.

కట్ట తెగితే కనబడుతుంది. కనబడని బెడద నేలలోకి దిగేది. బొగ్గులో ఆర్సెనిక్, సీసం, సెలీనియం, బోరాన్ లాంటివి రవ్వంత రవ్వంత ఉంటాయి. బొగ్గు కాలిపోయాక అవి మిగిలిన బూడిదలో చిక్కబడతాయి. నీళ్లు తగిలితే కొంత కొంత కరిగి బావుల వైపు పోతాయి. అందుకే కొత్తగా కట్టేవాటికి అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటు పరచడం, చుట్టూ బోర్లు వేసి నీళ్లు పరీక్షించడం. మా అమ్మ పొయ్యి బూడిదలా దీన్ని పాదుల్లో వెయ్యబోకండి.

మరి వెయ్యెకరాలు ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరు 31న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం అత్యవసరానికి ఉంచుకునే బూడిద చెరువుకు మెగావాట్‌కు 0.1 హెక్టారే అనుమతి. వెయ్యి మెగావాట్లకు వంద హెక్టార్లు, అంటే దాదాపు 250 ఎకరాలు. ఇందాకటి లెక్కలో పెట్టి చూడండి, పది మీటర్ల ఎత్తున పోస్తే ఆరేళ్లలో నిండిపోతుంది. ప్లాంటు మాత్రం పాతికేళ్లు నడవాలి. అంటే చెరువు ఎంత బాగా కట్టినా, బూడిద గేటు దాటి బయటికి పోయే దారి చూడకపోతే ఆ ప్లాను ప్లానే కాదు. వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల జరిమానా కూడా పెట్టారు.

పోయే దారుల్లో నాకు నచ్చింది సిమెంటు. రెండు వేల ఏళ్ల కిందటే రోమన్లు పొజ్జువోలి అనే ఊరి దగ్గరి అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి కట్టారు. రోములో పాంథియన్ గుమ్మటం ఇంకా నిలిచే ఉంది. మన మేస్త్రీలు ఇటుకపొడిని, అదే సుర్కీని, సున్నంలో కలిపేవాళ్లు. సూత్రం ఒకటే. సిమెంటు నీళ్లు తాగి గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడిగా మిగిలిపోతుంది, అది బలహీనం. ఫ్లై యాష్‌లో గాజులా ఉన్న సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని కొత్త జిగురు తయారుచేస్తుంది. అందుకే పీపీసీ అనే రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపవచ్చని ప్రమాణం. అది కల్తీ కాదు, మీ నాన్నకు చెప్పండి. కాకపోతే ఈ జిగురు నెమ్మదిగా తయారవుతుంది, కాబట్టి గోడకు, స్లాబుకు కనీసం పది రోజులైనా నీళ్లు పట్టాలి. మేస్త్రీ నాలుగు రోజులకే చాలంటే వినొద్దు.

1996-97లో దేశం మొత్తం మీద బూడిద వాడకం పది శాతం కూడా లేదు. ఇప్పుడది తొంభై దాటింది. సంతోషమే. కానీ ఆ తొంభైలో సిమెంటు, ఇటుకలతో పాటు పల్లపు భూములు నింపడం, తవ్వేసిన గనులు నింపడం కూడా ఉన్నాయి. గని నింపడం మంచి పనే. బొగ్గు వచ్చిన గోతికే బూడిద తిరిగిపోవడం న్యాయంగానే ఉంటుంది. అయితే ఆ గోతి అడుగు నీళ్లలో ఉంటే, చెరువుకు చూసిన జాగ్రత్తలన్నీ దానికీ చూడాలి. కాగితం మీద "వాడకం" అని రాసినంత మాత్రాన బావి నీళ్లు ఊరుకోవు. ఇటుకగా మారిన బూడిదకు, గోతిలో పోసిన బూడిదకు ఒకే మార్కులు వెయ్యడం నాకు మింగుడుపడదు.

యాష్ పాండ్ దగ్గర ఊళ్లలో ఉండే పిల్లలకు ఒక్క మాట. పైన ఎండి, నెర్రెలు విచ్చి, క్రికెట్ పిచ్‌లా కనిపిస్తుంది. ఆ పొర కింద ఎన్ని అడుగుల బురద ఉందో పైనుంచి తెలియదు, దిగితే లాగేస్తుంది. బంతి పోతే పోనివ్వండి. గేదె దిగితే పెద్దవాళ్లను పిలవండి. మీరు మాత్రం కట్ట దాటి లోపలికి అడుగు పెట్టకండి.